సెర్ల్ పరికరంతో తీగ యంగ్ గుణకాన్ని సరిగా కనుక్కోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఉక్కు యంగ్ గుణకం సుమారు 2.0 × 10¹¹ పాస్కల్ అని పుస్తకంలో ఉంటుంది. ప్రయోగశాలలో అదే తీగకు ఒకరికి 1.75 × 10¹¹, ఇంకొకరికి 2.4 × 10¹¹, మరొకరికి ఏకంగా 5 × 10¹⁰ వస్తుంటాయి. పరికరం పాతదైపోయిందని, తీగ నాణ్యత బాగాలేదని అనుకోవడం మామూలే కానీ, చాలా సందర్భాల్లో తప్పు సెర్ల్ పరికరంలో ఉండదు. తీగ వ్యాసం కొలిచిన స్క్రూగేజిలోనో, లెక్కలోని ప్రమాణాల్లోనో ఉంటుంది. ఘన పదార్థాల యాంత్రిక ధర్మాల పాఠం చదివి, ఈ ప్రయోగాన్ని ఇంటర్మీడియట్ లేదా డిగ్రీ స్థాయిలో చేయబోయేవారి కోసం, పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ ఎంత సమయం పెట్టాలో, జవాబు తేడాగా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో ఇందులో వివరంగా రాస్తున్నాను.

1. ఏ రాశిని ఎంత జాగ్రత్తగా కొలవాలో ముందే తేల్చుకోండి

ప్రతిబలం అంటే ప్రమాణ వైశాల్యంపై పనిచేసే పునఃస్థాపక బలం. అనుదైర్ఘ్య వికృతి అంటే పొడవులో వచ్చిన మార్పుకు తొలి పొడవుతో ఉన్న నిష్పత్తి. స్థితిస్థాపక అవధి (బరువు తీస్తే తీగ తొలి పొడవుకు తిరిగి రాగల హద్దు) లోపల ఈ రెండూ అనులోమానుపాతంలో ఉంటాయని హుక్ నియమం చెబుతుంది కాబట్టి, వాటి నిష్పత్తే యంగ్ గుణకం అవుతుంది. తీగ విషయంలో సూత్రం ఇది:

యంగ్ గుణకం = (భారం ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × తీగ పొడవు) ÷ (3.1416 × వ్యాసార్ధం² × సాగుదల)

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం వ్యాసార్ధానికి వర్గం ఉండటం. వ్యాసంలో 1 శాతం తప్పు జరిగితే జవాబులో 2 శాతం తప్పు వస్తుంది. అర మిల్లీమీటరు తీగను 0.01 మి.మీ. కనీసపు కొలత (పరికరం చూపగల అతి చిన్న కొలత) ఉన్న స్క్రూగేజితో ఒక్కసారి కొలిస్తే, వ్యాసంలో 2 శాతం, జవాబులో 4 శాతం అనిశ్చితి ఆ ఒక్క కొలతతోనే వచ్చి చేరుతుంది. రెండు మీటర్ల పొడవును కొలవడంలో 2 మి.మీ. తేడా వచ్చినా జవాబుపై దాని ప్రభావం 0.1 శాతమే. కాబట్టి టేపు దగ్గర పది నిమిషాలు గడిపి, స్క్రూగేజి దగ్గర ఒక్క నిమిషంలో పని ముగించడం తలకిందుల పద్ధతి.

2. సామగ్రి, తీగ ఎంపిక

సెర్ల్ పరికరంలో ఒకే లోహంతో చేసిన, ఒకే పొడవు, ఒకే మందం గల రెండు తీగలు ఒకే దృఢమైన ఆధారం నుంచి వేలాడతాయి. ఒకటి ప్రమాణ తీగ. దాని చట్రానికి స్థిరమైన బరువు కట్టి ఉంటుంది, ప్రయోగమంతటా దాన్ని ముట్టుకోకూడదు. రెండోది ప్రయోగ తీగ. దాని చట్రానికి హ్యాంగర్ తగిలించి గాడి చెక్కిన బరువులు వేస్తాము. రెండు చట్రాల మధ్య ఒక రసమట్టం ఉంటుంది. దాని ఒక చివర ప్రమాణ చట్రానికి బిగించి ఉంటే, రెండో చివర ప్రయోగ చట్రంలోని మైక్రోమీటరు స్క్రూ మొన మీద ఆనుకొని ఉంటుంది. ప్రయోగ తీగ సాగి చట్రం కిందికి దిగితే రసమట్టం వాలిపోతుంది. స్క్రూను పైకి తిప్పి బుడగను మళ్లీ మధ్యకు తెచ్చినప్పుడు, స్క్రూ ఎంత దూరం జరిగిందో అదే సాగుదల.

రెండో తీగ ఎందుకన్న ప్రశ్నకు ఆధారం కుంగినా తేడా రాకుండా ఉండటానికని చాలామంది చెబుతారు. అది నిజమే కానీ సగం జవాబే. ఉక్కు 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే రెండు మీటర్ల తీగ దాదాపు 0.024 మి.మీ. పెరుగుతుంది, అర కిలో బరువుకు వచ్చే సాగుదలలో ఇది పదో వంతు. ఫ్యాన్ గాలి, కిటికీ ఎండ వల్ల గదిలో ఉష్ణోగ్రత మారినప్పుడు రెండు తీగలూ ఒకేలా సాగుతాయి కాబట్టి ఆ మార్పు రీడింగులోకి రాదు. ఒక తీగ మీద మాత్రమే ఎండ పడుతుంటే ఈ రక్షణ ఉండదు. ఆ కిటికీ మూసివేయండి.

తీగ పొడవు కనీసం 2 మీటర్లు, వ్యాసం అర మిల్లీమీటరు (సుమారు 25 గేజి) ఉంటే పని హాయిగా సాగుతుంది.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి:

– రెండు తీగలూ ఒకే లోహానివి, ఒకే గేజివి.
– తీగ కొసలను పట్టి ఉంచే పై చక్‌లు, కింది చక్‌లు నాలుగూ గట్టిగా బిగించి ఉన్నాయి.
– రెండు చట్రాలూ ఒకదానికొకటి రాసుకోకుండా, గోడకు తగలకుండా వేలాడుతున్నాయి.
– రసమట్టం ఆనిన స్క్రూ మొన మీద దుమ్ము, తుప్పు లేవు.
– అర కిలో బరువులు కనీసం ఆరు ఉన్నాయి.
– హ్యాంగర్ కింద ఇసుక పెట్టె గాని మడత పెట్టిన గోనె సంచి గాని ఉంది. తీగ తెగితే బరువులు కాలి వేళ్ల మీద పడతాయి, తెగిన కొస ముఖం వైపు ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవడం అతి జాగ్రత్త కాదు.

3. గరిష్ఠ భారాన్ని ముందే లెక్కకట్టండి

ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. బరువుల పెట్టెలో ఎన్ని ఉంటే అన్నీ వేసి, చివరి రెండు బిందువులు గ్రాఫులో వంగిపోయాక కారణం వెతుకుతారు.

నిర్మాణ ఉక్కుకు పాఠ్యపుస్తక పట్టికలు చూపే తెగే ప్రతిబలం 400 × 10⁶ పాస్కల్, లొంగే ప్రతిబలం (ఇది దాటితే తీగ శాశ్వతంగా సాగుతుంది) 250 × 10⁶ పాస్కల్. గట్టిపరచిన తీగ ఇంతకంటే ఎక్కువే భరించవచ్చు గాని, భద్రత కోసం తక్కువ అంకెనే తీసుకోవడం మంచిది. అర మిల్లీమీటరు తీగ అడ్డుకోత వైశాల్యం 1.963 × 10⁻⁷ చదరపు మీటర్లు. దీన్ని 400 × 10⁶తో గుణిస్తే 78.5 న్యూటన్లు, అంటే సుమారు 8 కిలోల దగ్గర తీగ తెగే ప్రమాదం ఉంది. అందులో సగం, అంటే 4 కిలోలు, హ్యాంగర్‌తో కలిపి మీ హద్దు. 4 కిలోల దగ్గర ప్రతిబలం సుమారు 200 × 10⁶ పాస్కల్, లొంగే ప్రతిబలం కంటే తక్కువే.

హ్యాంగర్ బరువును ఈ హద్దులో కలపడం మరచిపోవద్దు. సాగుదల లెక్కలో అది రాకపోయినా, తీగ మాత్రం దాన్నీ మోస్తుంది.

తీగ రాగిదైతే ఇంకా జాగ్రత్త అవసరం. కరెంటు పనికి వాడే మెత్తబరచిన రాగి తీగ చాలా తక్కువ ప్రతిబలం దగ్గరే శాశ్వతంగా సాగిపోతుంది. దానితో హుక్ నియమం చూపించాలని ప్రయత్నించి విసిగిపోవడం కంటే, ఉక్కు తీగతో చేయడమే మేలు.

4. తీగను సరిచేయడం

చుట్ట నుంచి తీసిన తీగలో మెలికలు, వంపులు ఉంటాయి. బరువు వేసినప్పుడు మొదట ఆ వంపులు విచ్చుకుంటాయి. అసలు సాగుదల ఆ తర్వాత మొదలవుతుంది. అందువల్ల తొలి ఒకటి రెండు రీడింగులు ఎప్పుడూ ఎక్కువ సాగుదల చూపుతాయి.

దీన్ని నివారించడానికి హ్యాంగర్‌తో కలిపి 1 కిలో స్థిర భారాన్ని వేసి ఉంచండి. ఇదే మన సున్న. తర్వాత దానిపై అదనంగా 2.5 కిలోల వరకు ఒక్కొక్కటిగా బరువులు వేసి, కాసేపు ఉంచి, ఒక్కొక్కటిగా తీసేయండి. రీడింగులు రాయకుండా ఈ వరుసను రెండు మూడు సార్లు చేయండి. చక్ లోపల తీగ ఏమైనా జారేది ఉంటే ఇప్పుడే జారిపోతుంది.

వంపు గట్టిగా పడి మడతలా కనిపిస్తున్న తీగను వాడవద్దు. అక్కడ లోహం అప్పటికే స్థితిస్థాపక అవధి దాటి వంగింది.

5. మైక్రోమీటరు స్క్రూ కనీసపు కొలతను చేతితో తేల్చండి

స్క్రూ పిచ్ (ఒక పూర్తి చుట్టుకు స్క్రూ జరిగే దూరం) 1 మి.మీ. అని ఊహించి ముందుకు పోవద్దు. తల స్కేలును ఐదు పూర్తి చుట్లు తిప్పి, పిచ్ స్కేలుపై అది ఎంత దూరం జరిగిందో చూడండి. 5 మి.మీ. జరిగితే పిచ్ 1 మి.మీ.; 2.5 మి.మీ. జరిగితే 0.5 మి.మీ. తల స్కేలుపై 100 భాగాలు ఉంటే కనీసపు కొలత మొదటి సందర్భంలో 0.01 మి.మీ., రెండో సందర్భంలో 0.005 మి.మీ. ఈ ఒక్క పొరపాటుతో జవాబు సరిగ్గా సగమవుతుంది లేదా రెట్టింపవుతుంది.

6. పొడవు కొలవడం

స్థిర భారం వేలాడుతుండగానే, ప్రయోగ తీగ పై చక్ అడుగు అంచు నుంచి కింది చక్ పై అంచు వరకు టేపుతో కొలవండి. చక్ లోపల బిగిసి ఉన్న భాగం సాగదు కాబట్టి అది లెక్కలోకి రాదు. చట్రం పొడవును కలిపేయడం తరచుగా కనిపించే తప్పు. రెండు సార్లు కొలిచి సగటు తీసుకుంటే చాలు.

7. వ్యాసం కొలవడం: ప్రయోగంలో అసలు కీలకం ఇక్కడే

చాలా ప్రయోగశాలల్లో వ్యాసాన్ని ఆఖరున, గంట కొట్టబోతుండగా కొలుస్తారు. స్క్రూగేజి చేతులు మారుతూ ఉంటుంది, పక్క జట్టు కొలిచిన విలువనే రాసుకునేవారూ ఉంటారు. సాగుదల రీడింగుల కంటే ముందే, తీరిగ్గా ఉన్నప్పుడు ఈ పని పూర్తి చేయండి.

మొదట శూన్యాంశ దోషం, అంటే దవడలు కలిసినప్పుడు సున్నకు బదులు కనిపించే రీడింగు, చూడాలి. స్క్రూగేజి దవడల మధ్య దుమ్ము లేకుండా కాగితంతో తుడిచి, రాచెట్ (బిగువు సరిపోగానే జారి తిరిగే చివరి పిడి) పట్టుకొని తిప్పుతూ దవడలను కలపండి. రాచెట్ కిటకిటలాడగానే ఆపండి. తల స్కేలు సున్న సూచీ రేఖకు కింద ఆగితే దోషం ధనాత్మకం, సవరణ ఋణాత్మకం; పైన ఆగితే దోషం ఋణాత్మకం, సవరణ ధనాత్మకం. దవడలను మూడుసార్లు విడదీసి కలిపి, అదే విలువ వస్తోందో లేదో చూడండి.

తర్వాత తీగను దవడల మధ్య పెట్టి కొలవాలి. తల స్కేలు ఉన్న డ్రమ్మును పట్టుకొని బిగించకూడదు, రాచెట్‌తోనే బిగించాలి. వేళ్లతో బిగిస్తే ఒక్కొక్కరి బలాన్ని బట్టి రెండు మూడు భాగాలు తేడా వస్తాయి. గేజి బరువు తీగ మీద పడకుండా చేతితో మోస్తూ ఉండండి. ఒక చోట కొలిచాక, అదే చోట గేజిని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. తీగ అడ్డుకోత నిజంగా గుండ్రంగా ఉందని మనకు హామీ ఏమీ లేదు. అచ్చులోంచి లాగిన తీగలో ఒక దిశలో ఒకటి రెండు భాగాలు ఎక్కువ ఉండటం అసాధారణం కాదు. ఇలా పై నుంచి కింది వరకు ఐదు చోట్ల, ఒక్కో చోట రెండు లంబ దిశల్లో, మొత్తం పది రీడింగులు తీయండి.

శూన్యాంశ దోషం ఎంత నష్టం చేస్తుందో ఒక్కసారి లెక్కకట్టి చూద్దాం. పది రీడింగుల సగటు 0.53 మి.మీ., శూన్యాంశ దోషం +0.03 మి.మీ. అనుకుందాం. అసలు వ్యాసం 0.50 మి.మీ. సవరణ మరచిపోతే వ్యాసార్ధం వర్గం 12 శాతం పెరిగి, జవాబు 11 శాతం పడిపోతుంది, 1.99 × 10¹¹ రావలసిన చోట 1.77 × 10¹¹ వస్తుంది. తల స్కేలుపై మూడు గీతలను పట్టించుకోకపోవడం ఇంత పని చేస్తుంది.

బరువు వేస్తే తీగ సన్నబడుతుంది కదా, ప్రతి భారం దగ్గరా వ్యాసం కొలవాలా అని కొందరు అడుగుతారు. అవసరం లేదు. మన ప్రయోగంలో వికృతి గరిష్ఠంగా పది వేలలో ఆరేడు భాగాలే. దాని వల్ల వ్యాసంలో వచ్చే తగ్గుదలను స్క్రూగేజి చూడలేదు.

వ్యాసం కొలతకు తనిఖీ జాబితా:

– ప్రయోగ తీగనే కొలిచారు, ప్రమాణ తీగను కాదు.
– శూన్యాంశ దోషం గుర్తుతో సహా రాశారు.
– ఐదు చోట్ల, రెండు లంబ దిశల్లో కొలిచారు.
– సగటు తీసి, సవరించి, ఆ తర్వాతే రెండుతో భాగించి వ్యాసార్ధం రాశారు.

8. భారం పెంచుతూ రీడింగులు తీయడం

స్థిర భారం మాత్రమే ఉండగా స్క్రూను కింది నుంచి పైకి తిప్పుతూ బుడగను మధ్యకు తెచ్చి, పిచ్ స్కేలు, తల స్కేలు రీడింగులు రాయండి. తర్వాత ఈ క్రమాన్ని పాటించండి.

మొదటిది: అర కిలో బరువును మెల్లగా, రెండు చేతులతో పట్టుకొని హ్యాంగర్ మీద ఆనించండి. పై నుంచి వదిలితే ఆ క్షణంలో తీగపై పడే బలం అసలు బరువు కంటే చాలా ఎక్కువ.

రెండోది: పక్కపక్క బరువుల గాడులు ఎదురెదురు దిశల్లో ఉండేలా పెట్టండి, లేకపోతే బరువంతా ఒక పక్కకు ఒరిగి చట్రం వాలుతుంది.

మూడోది: రెండు నిమిషాలు ఆగండి. హ్యాంగర్ ఊగడం, తిరగడం ఆగాలి. తీగ కూడా తన పూర్తి సాగుదలకు చేరాలి.

నాలుగోది: స్క్రూను పైకి తిప్పుతూ బుడగను రెండు గీతల మధ్యకు తీసుకురండి. బుడగ గీత దాటి అవతలికి పోతే, అక్కడి నుంచి వెనక్కి తిప్పి సరిచేయవద్దు. ఒక చుట్టు పూర్తిగా కిందికి దించి, మళ్లీ పైకి తిప్పుతూ రండి. స్క్రూకు, దాని మరకు మధ్య ఉండే సందు వల్ల దిశ మార్చిన ప్రతిసారీ కొన్ని భాగాలు వృథాగా తిరుగుతాయి. దీన్నే బ్యాక్‌లాష్ దోషం అంటారు.

ఐదోది: రీడింగు రాసిన వెంటనే, ముందటి రీడింగుతో తేడా ఎంతో అక్కడే చూడండి. 2 మీటర్ల, 0.50 మి.మీ. ఉక్కు తీగకు అర కిలోకు దాదాపు 0.25 మి.మీ. తేడా రావాలి. 1.25 వచ్చిందంటే పిచ్ స్కేలులో ఒక గీత ఎక్కువ చదివారని అర్థం. తల స్కేలు 97, 98 దగ్గర ఉన్నప్పుడు తర్వాతి గీత అప్పుడే బయటపడినట్లు కనిపిస్తుంది. ఈ తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

ఇలా 2.5 కిలోల వరకు ఐదు బరువులు వేస్తే, సున్నతో కలిపి ఆరు రీడింగులు వస్తాయి. ఆరు అని పట్టుబట్టడానికి కారణం లెక్క దగ్గర తెలుస్తుంది.

9. భారం తగ్గిస్తూ రీడింగులు తీయడం

ఇప్పుడు ఒక్కొక్క బరువే తీస్తూ అవే రీడింగులు మళ్లీ తీయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బరువు తీసినప్పుడు తీగ కుదించుకొని చట్రం పైకి లేస్తుంది. బుడగను మధ్యకు తేవడానికి స్క్రూ కిందికి దిగాలి. కానీ మనం పెంచేటప్పుడు స్క్రూను పైకి తిప్పుతూ చదివాము. దిశ మారితే బ్యాక్‌లాష్ దోషం అన్ని రీడింగుల్లోనూ చేరుతుంది. అందువల్ల బరువు తీసిన ప్రతిసారీ స్క్రూను కావలసిన దానికంటే ఎక్కువగా కిందికి దించి, తర్వాత పైకి తిప్పుతూ బుడగను మధ్యకు తీసుకురండి. పెంచినా తగ్గించినా, చివరి కదలిక ఎప్పుడూ పైకే ఉండాలి.

ఒక్కో భారానికి రెండు రీడింగుల మధ్య తేడా 0.02, 0.03 మి.మీ. మించకపోతే తీగ స్థితిస్థాపక అవధి లోపలే ఉందని నమ్మవచ్చు. బరువులన్నీ తీశాక సున్న రీడింగు మొదటి విలువకు తిరిగి రాకుండా పైననే ఆగిపోతే, తీగ శాశ్వతంగా సాగిందో, చక్‌లో జారిందో అయి ఉంటుంది. ఒకే ఒక భారం దగ్గర రీడింగు గభాలున ఎగిరి, ఆ తర్వాత అన్నీ అదే తేడాతో కొనసాగితే అది జారడం. పై భారాల దగ్గర తేడాలు క్రమంగా పెరుగుతూ పోతే అది అవధి దాటడం. మొదటిదైతే చక్ బిగించి మళ్లీ మొదలుపెట్టండి. రెండోదైతే తీగ మార్చండి.

10. లెక్క

లెక్క చూపడానికి తీసుకున్న ఒక నమూనా పట్టిక (భారం, పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు, సగటు, అన్నీ మి.మీ.లలో):

0 కి.గ్రా.: 2.12, 2.14, సగటు 2.130
0.5 కి.గ్రా.: 2.37, 2.38, సగటు 2.375
1.0 కి.గ్రా.: 2.61, 2.64, సగటు 2.625
1.5 కి.గ్రా.: 2.87, 2.88, సగటు 2.875
2.0 కి.గ్రా.: 3.12, 3.13, సగటు 3.125
2.5 కి.గ్రా.: 3.37, 3.37, సగటు 3.370

చాలామంది వరుస రీడింగుల తేడాలు తీసి సగటు కడతారు. అలా చేస్తే మధ్య రీడింగులన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుపోయి, చివరికి మొదటి రీడింగు, ఆఖరి రీడింగు మాత్రమే మిగులుతాయి. నాలుగు భారాల దగ్గర పడిన శ్రమంతా వృథా. దానికి బదులు ఆరు రీడింగులను మూడేసి చొప్పున రెండు గుంపులు చేసి, నాలుగో దానిలోంచి మొదటిది, ఐదో దానిలోంచి రెండోది, ఆరో దానిలోంచి మూడోది తీసివేయండి. 1.5 కిలోలకు సాగుదలలు 0.745, 0.750, 0.745 వస్తాయి, సగటు 0.747 మి.మీ.

తీగ పొడవు 1.985 మీ., వ్యాసార్ధం 0.25 మి.మీ. అంటే 2.5 × 10⁻⁴ మీ., గురుత్వ త్వరణం 9.78 మీ./సె² అనుకుందాం. హైదరాబాద్, విజయవాడ ప్రాంతాలకు 9.78 సరిపోతుంది; 9.8 వాడినా తేడా 0.2 శాతమే కాబట్టి దాని గురించి వాదించుకోనక్కర్లేదు.

లవం: 1.5 × 9.78 × 1.985 = 29.12
హారం: 1.963 × 10⁻⁷ × 7.47 × 10⁻⁴ = 1.466 × 10⁻¹⁰
యంగ్ గుణకం: 1.99 × 10¹¹ పాస్కల్ (న్యూటన్/మీ²)

11. గ్రాఫ్

భారాన్ని అడ్డ అక్షంపై, సాగుదలను నిలువు అక్షంపై తీసుకోండి. బిందువులన్నిటికీ దగ్గరగా, రెండు వైపులా సమానంగా విడిచిపెట్టే సరళరేఖను గీయాలి. మొదటి బిందువును, ఆఖరి బిందువును కలిపి స్కేలు పెట్టేయకూడదు. రేఖను మూలబిందువు గుండా బలవంతంగా పంపవద్దు; మన సున్న రీడింగులోనూ మిగతా వాటిలాగే దోషం ఉంటుంది. పై పట్టికకు వాలు సుమారు 0.498 మి.మీ./కి.గ్రా. వస్తుంది. సూత్రంలో సాగుదలను భారంతో భాగించే చోట ఈ వాలును మీటర్లలోకి మార్చి వేస్తే అదే జవాబు రావాలి.

రేఖ అడుగు భాగం నిటారుగా మొదలై తర్వాత సరళంగా మారితే తీగలో ఇంకా వంపులు మిగిలి ఉన్నాయి. అప్పుడు ఆ ఒకటి రెండు బిందువులను వదిలి మిగతా సరళ భాగపు వాలు తీసుకోండి. వదిలిన సంగతి రికార్డులో రాయండి.

12. దోషం రాయడం

పొడవు: 1.985 మీ.లో 2 మి.మీ., అంటే 0.1 శాతం.
సాగుదల: 0.747 మి.మీ.లో 0.01 మి.మీ., అంటే 1.3 శాతం.
వ్యాసం: పది రీడింగుల సగటులో 0.005 మి.మీ. అనిశ్చితి తీసుకుంటే 1 శాతం. వర్గం వల్ల 2 శాతం.

మొత్తం 3.4 శాతం. జవాబును (1.99 ± 0.07) × 10¹¹ పాస్కల్ అని రాయవచ్చు. కాల్కులేటర్ చూపించిన 1.98541 వంటి అంకెలన్నీ రికార్డులో దించడం వల్ల కచ్చితత్వం రాదు. ఉన్న అనిశ్చితిని దాచినట్లవుతుంది.

13. జవాబును చూసి తప్పును పట్టడం

1.99 × 10¹¹ రావలసిన పై ఉదాహరణలో వేరే అంకె వస్తే, కింది వాటిలో ఏది సరిపోతుందో చూడండి.

– 0.50 × 10¹¹ (నాలుగో వంతు): వ్యాసార్ధం స్థానంలో వ్యాసం వేశారు.
– 2.03 × 10¹⁰: గురుత్వ త్వరణంతో గుణించలేదు, కిలోగ్రాములనే న్యూటన్లు అనుకున్నారు.
– 1.99 × 10⁸: సాగుదలను మి.మీ.లలోనే ఉంచారు.
– 1.99 × 10⁵: వ్యాసార్ధాన్ని మి.మీ.లలోనే వర్గం చేశారు.
– 1.99 × 10¹³: పొడవు సెం.మీ.లలో ఉంది.
– 5.96 × 10¹¹ (మూడు రెట్లు): అర కిలో సాగుదలతో 1.5 కిలోల భారం జత చేశారు.
– 0.99 × 10¹¹ (సగం): 0.5 మి.మీ. పిచ్ స్క్రూను 1 మి.మీ. పిచ్‌గా చదివారు.
– 1.7 నుంచి 1.8 × 10¹¹: ధనాత్మక శూన్యాంశ దోషాన్ని సవరించలేదు.
– 2.3 × 10¹¹, ఆ పైన: వేళ్లతో గట్టిగా బిగించి వ్యాసాన్ని తక్కువ చదివారు, లేదా ఋణాత్మక శూన్యాంశ దోషానికి సవరణ గుర్తు తిరగేశారు.
– రీడింగులు పెరగవలసింది పోయి తగ్గుతున్నాయి: బరువులు ప్రమాణ తీగకు వేస్తున్నారు.

జవాబు 0.7, 0.9, 1.1 × 10¹¹ దగ్గర స్థిరంగా వస్తుంటే, లెక్కను అనుమానించే ముందు తీగను చూడండి. అల్యూమినియంకు సుమారు 0.70, ఇత్తడికి 0.91, రాగికి 1.1 × 10¹¹ పాస్కల్ రావడం సహజమే.

14. సెర్ల్ పరికరం లేని చోట

కొన్ని కళాశాలల్లో స్క్రూకు, రసమట్టానికి బదులు ప్రమాణ తీగకు మిల్లీమీటరు స్కేలు, ప్రయోగ తీగకు వెర్నియర్ బిగించిన సాదా పరికరం ఉంటుంది. మెట్లన్నీ ఇవే గాని కనీసపు కొలత 0.1 మి.మీ. అవుతుంది. 2 మీటర్ల తీగకు 2 కిలోలు వేసినా సాగుదల 1 మి.మీ. మాత్రమే కాబట్టి, ఆ ఒక్క కొలతలోనే 10 శాతం అనిశ్చితి.

దీనికి మార్గంగా సన్నని తీగ వాడమని సలహా ఇస్తుంటారు. సన్నని తీగ ఎక్కువ సాగే మాట నిజమే కానీ, దాని వ్యాసం కొలతలో శాతం దోషం పెరుగుతుంది, మోయగల భారమూ తగ్గుతుంది, 0.4 మి.మీ. తీగకు ఒక్కో స్క్రూగేజి రీడింగులో ఉండే అనిశ్చితి వల్లనే జవాబులో 5 శాతం పోతుంది. వీలున్న చోట పొడవు పెంచడమే మంచి పద్ధతి. అదే 0.5 మి.మీ. తీగను మేడ మెట్ల సందులోనో, ఎత్తైన పైకప్పు దూలం నుంచో 3 మీటర్ల పొడవున వేలాడదీస్తే, 2 కిలోలకు సాగుదల 1.5 మి.మీ. అయి, ఆ కొలతలోని అనిశ్చితి 7 శాతానికి దిగుతుంది. వ్యాసం దగ్గర కొత్తగా పోయేదేమీ ఉండదు. వెర్నియర్ చదివేటప్పుడు కన్ను స్కేలుకు సమమట్టంలో ఉండేలా పీట ఎక్కి చూడండి, ఒక్కో రీడింగును ఇద్దరు వేర్వేరుగా చదివి రాసుకోండి. రికార్డులో జవాబు పక్కన ఆ 7 శాతాన్నీ, వ్యాసం వల్ల వచ్చిన దాన్నీ కలిపి రాస్తే, 1.85 × 10¹¹ వచ్చినా అది సరైన ప్రయోగమే.